పార్టీ జెండా లేని యూనియన్ నిలబడుతుందా? అనార్కో సిండికలిస్టు యూనియన్ల గురించి తెలిసినవాళ్లు చెప్పండి

భవానీపురం రైడర్:
అందరికీ నమస్కారం. విజయవాడలో ఫుడ్ డెలివరీ చేస్తాను. ఆర్డరు మీద వచ్చే రేటు తగ్గించినప్పటి నుంచి మా జోన్‌లో కుర్రాళ్లందరం బళ్లు ఒకచోట ఆపుకుని మాట్లాడుకుంటున్నాం. వాట్సాప్ గ్రూపు పెట్టాం. యూనియన్ మాత్రం ఇంకా లేదు. ఇద్దరు ముగ్గురు నాయకులు వచ్చి ‘మా సంఘంలో కలవండి, అన్నీ మేం చూసుకుంటాం’ అన్నారు. సగం మంది సరే అంటున్నారు. మిగతా సగానికి ఆ ‘అన్నీ మేం చూసుకుంటాం’ అన్న మాట దగ్గరే టెన్షన్. లోపల కూర్చుని కంపెనీతో ఏం ఒప్పుకుని వస్తారో మనకేం తెలుస్తుంది అని వాళ్ల అనుమానం.

స్పెయిన్‌లో సీఎన్‌టీ, అమెరికాలో ఐడబ్ల్యూడబ్ల్యూ అని ఏ పార్టీకీ అనుబంధం లేకుండా, జీతాలు తీసుకునే పెద్ద నాయకగణం లేకుండా నడిచిన యూనియన్లు ఉన్నాయని విన్నాను. అవి ఎలా నడిచాయి? ఏమైనా సాధించాయా? ఆదివారం మీటింగ్ ఉంది, ఈలోపు అర్థం చేసుకుందామని అడుగుతున్నా.

బ్రాడీపేట మాస్టారు:
సాధించాయి నాయనా. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

పార్టీల మీద, ప్రభుత్వం మీద ఆధారపడకుండా కార్మికులు తమ యూనియన్ల ద్వారానే పోరాడాలి, రేపు పనిచోట్లను కూడా వాళ్లే నడుపుకోవాలి అన్నదే అనార్కో సిండికలిజం. ఈ ఆలోచన గట్టిపడింది ఫ్రాన్స్‌లో. అక్కడ 1895లో సీజీటీ సమాఖ్య పుట్టింది. 1906లో అమియాన్ అనే ఊళ్లో మహాసభ పెట్టుకుని ఒక తీర్మానం చేశారు. సభ్యుడు బయట ఏ పార్టీలో ఉన్నా అది అతని ఇష్టం, ఆ పార్టీని యూనియన్లోకి మాత్రం తీసుకురాకూడదు. కూలి, పని గంటలు ఇవాళ్టి పోరాటం. రేపు ఫ్యాక్టరీని నడపాల్సింది కూడా ఈ యూనియనే. ఇదీ దాని సారాంశం. స్పెయిన్‌లో సీఎన్‌టీ, స్వీడన్‌లో ఎస్ఏసీ రెండూ 1910లో వచ్చాయి. ఇటలీలో యూఎస్ఐ 1912లో. అర్జెంటీనా వాళ్లు వీళ్లందరికంటే ముందు, 1901లోనే సమాఖ్య పెట్టుకున్నారు.

నువ్వు తెలుసుకోవాల్సింది మాత్రం 1919 బార్సిలోనా సమ్మె. దానికి ఏడాది ముందు కాటలోనియా సీఎన్‌టీ మహాసభలో ఒక మార్పు చేశారు. అప్పటిదాకా ఫిట్టర్లకొక సంఘం, గుమాస్తాలకొక సంఘం, పెయింటర్లకొక సంఘం. ఇకమీదట ఒక పరిశ్రమలో పనిచేసే వాళ్లందరికీ, తుడిచేవాడి నుంచి లెక్కలు రాసేవాడి దాకా, ఒకటే యూనియన్ అన్నారు.

1919 ఫిబ్రవరిలో ఊరికి కరెంటు ఇచ్చే కంపెనీ బిల్లింగ్ సెక్షన్లో ఎనిమిది మంది గుమాస్తాలను తీసేసింది. పెట్టుబడి కెనడాది కాబట్టి ఆ కంపెనీని జనం ‘లా కనడియెన్స్’ అనేవాళ్లు. ఎనిమిది మంది కోసం పక్క టేబుళ్ల వాళ్లు పెన్నులు కింద పెట్టారు. తర్వాత మీటర్ రీడింగ్ వాళ్లు. ఫిబ్రవరి 21న పవర్ హౌస్ ఆగింది. ట్రాములు ఎక్కడివక్కడ నిలిచిపోయాయి, మిల్లులు మూతపడ్డాయి, రాత్రికి బార్సిలోనా చీకటి. ప్రభుత్వం కార్మికులను సైన్యంలోకి తీసుకుంటున్నట్టు ఉత్తర్వు ఇస్తే, ప్రెస్సుల్లో అక్షరాలు కూర్చేవాళ్లు మేం దాన్ని అచ్చు వేయం అన్నారు. సమ్మెకు వ్యతిరేకంగా ఉన్న ఏ వార్తనీ వాళ్లు వేయలేదు. దానికి ‘ఎర్ర సెన్సార్’ అని పేరొచ్చింది. మొత్తం 44 రోజులు. తీసేసినవాళ్లను తిరిగి తీసుకోవాల్సి వచ్చింది, జీతాలు పెరిగాయి. ఏప్రిల్ 3న స్పెయిన్ అంతటికీ ఎనిమిది గంటల పనిదినం ఇస్తూ ప్రభుత్వం డిక్రీ తెచ్చింది. మొదలైంది ఎనిమిది మంది గుమాస్తాలతో, చూశావా.

నల్లపాడు:
మాస్టారూ, ‘ఒక పరిశ్రమకి ఒకటే యూనియన్’ అన్న దగ్గర ఆగిపోయాను. మా అమ్మ మిర్చి గోడౌన్లో తొడిమలు తీసే పనికి వెళ్తుంది. కాలేజీ సెలవుల్లో నేనూ వెళ్లేదాన్ని. మధ్యాహ్నానికల్లా చేతులు భగభగమంటాయి. కొబ్బరినూనె రాసుకున్నా తగ్గదు, సాయంత్రం మొహం కడుక్కోవాలన్నా భయమే. గుంటూరు మిర్చి యార్డులో టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, మోసే ముఠా వాళ్లకి సంఘం ఉంది. కాటా వేసే దడవాయిలది వేరు. లారీల వాళ్లది వేరు. తొడిమలు తీసే ఆడవాళ్లు వీటిలో ఎందులోనూ లేరు. ముఠా కూలి పెంచమని యార్డు ఆపితే వాళ్లకి పెరుగుతుంది, మా అమ్మకి ఆ రోజు పనే ఉండదు. మేస్త్రీ చెప్పిందే రేటు.

ఆ యూనియన్లలో ఆడవాళ్లకి చోటుండేదా?

బ్రాడీపేట మాస్టారు:
ఉండేది తల్లీ. కొన్నిచోట్ల వాళ్లే ముందు నడిచారు. 1912లో అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం లారెన్స్ ఊళ్లో జౌళి మిల్లుల సమ్మె అందుకు ఉదాహరణ. ఆడవాళ్ల, పిల్లల పని గంటలు వారానికి 56 నుంచి 54కి తగ్గిస్తూ చట్టం వచ్చింది. యజమానులు గంటలతో పాటు జీతమూ కోశారు. కవర్లో డబ్బు తక్కువ వచ్చిందని చూసుకుని మొదట మగ్గాలు ఆపింది పోలిష్ ఆడవాళ్లే. 20 వేల మందికి పైగా బయటికొచ్చారు. ఇటలీ, పోలండ్, సిరియా, లిథువేనియా, ఇలా ఎన్నో దేశాల వలసజనం. ఒకరి భాష ఒకరికి రాదు. ఐడబ్ల్యూడబ్ల్యూ వాళ్లు సమ్మె కమిటీలో ప్రతి జాతి నుంచీ ప్రతినిధులను కూర్చోబెట్టి, ప్రతి మాటా అన్ని భాషల్లోకి చెప్పించారు. తిండికి కష్టమైతే పిల్లలను న్యూయార్క్‌లో తెలిసినవాళ్ల ఇళ్లకి పంపారు. రైలెక్కించబోతున్న తల్లులను పోలీసులు స్టేషన్లోనే కొట్టడంతో దేశమంతా అట్టుడికింది. మార్చిలో యజమానులు దిగొచ్చి జీతాలు పెంచారు.

అలాగని అంతా సవ్యంగా ఉందని చెప్పను. స్పెయిన్‌లో సీఎన్‌టీ మగవాళ్లు మీటింగులో సమానత్వం అని, ఇంటికెళ్లి వేరేగా ఉన్నారు. అందుకే 1936లో ‘ముహేరెస్ లిబ్రెస్’ అని ఆడవాళ్లు సొంత సంఘం పెట్టుకున్నారు. చదువు, పని నేర్పించడం, పిల్లల సంరక్షణ అన్నీ వాళ్లే చూసుకున్నారు. సుమారు 20 వేల మంది చేరారు.

ఎర్రబాట:
మాస్టారంటే నాకు గౌరవం. కానీ కుర్రాళ్లకి సగం కథే చెప్తున్నారు. నేను యూనియన్ పనిలోనే ముసలివాణ్ణయ్యాను, అందుకే రాస్తున్నా.

లారెన్స్ గెలిచిన తర్వాత ఏమైంది? ఐడబ్ల్యూడబ్ల్యూ యజమానితో రాతపూర్వక ఒప్పందం చేసుకోం అనే సిద్ధాంతం పట్టుకుంది. సమ్మె వేడి తగ్గగానే యజమానులు చురుకైనవాళ్లను ఒక్కొక్కరినే ఏరేశారు. వేలల్లో ఉన్న సభ్యత్వం ఏడాది రెండేళ్లలో వందల్లోకి పడిపోయింది. గెలుపుని కాగితం మీద, ఆఫీసులో, చందా పుస్తకంలో కట్టి ఉంచకపోతే అది నిలవదు తమ్ముడూ.

బార్సిలోనా సంగతీ అంతే. 1919 తర్వాత యజమానులు తుపాకీ మనుషులను పెట్టి యూనియన్ వాళ్లను వీధుల్లో చంపించారు. సీఎన్‌టీ నాయకుడు సాల్వదోర్ సెగీ అంతటివాణ్ణి 1923 మార్చిలో కాల్చేశారు. అదే ఏడాది సైనిక నియంతృత్వం వచ్చింది. 1936లో జనరల్స్ తిరుగుబాటు చేసినప్పుడు, రాజ్యమే వద్దన్న సీఎన్‌టీ నుంచి నలుగురు మంత్రులయ్యారు. ఫెదెరికా మోంత్సెనీ ఆరోగ్యమంత్రి. అంటే రాజకీయాలు అక్కర్లేదనుకున్నవాళ్లని కూడా రాజకీయాలు వదల్లేదు.

ఇక మన సంగతి. 2023 డిసెంబరు 12న అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లు సమ్మెకి దిగారు. ఎస్మా పెట్టారు. అయినా 42 రోజులు నిలబడ్డారు. సీఐటీయూ, ఏఐటీయూసీ, ఐఎఫ్‌టీయూ సంఘాలు రాష్ట్రమంతటా ఊరూరా ఉండబట్టే అది సాధ్యమైంది. భవానీపురం కుర్రాళ్లు వంద మంది ఫోన్లు ఆపేస్తే కంపెనీ పక్క జోన్ వాళ్లని పంపుతుంది. అప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారు?

భవానీపురం రైడర్:
మీరు చెప్పింది నిజమే బాబాయ్ గారూ. పక్క జోన్ వాళ్లని పంపడం ఇప్పటికే ఒకసారి జరిగింది. ఇన్సెంటివ్ ఎక్కువ చూపించి లాగారు. నేను పెద్ద సంఘం వద్దనడం లేదు. మా నిర్ణయం మా చేతిలోంచి పోకూడదు, అంతే.

లోకో షెడ్:
మాది రైల్వే కాలనీ. నాన్న స్టీమ్ ఇంజన్ల మీద ఫైర్‌మన్. ఇంట్లో 1973, 74 గురించి వింటూ పెరిగాను. 1973 ఆగస్టులో లోకో రన్నింగ్ స్టాఫ్, అంటే ఇంజన్లు నడిపే సిబ్బంది, గుర్తింపు పొందిన పెద్ద యూనియన్లతో పని లేకుండా, సొంతంగా సమ్మె చేసి పది గంటల డ్యూటీ ఒప్పించుకున్నారు. అప్పటిదాకా బండెక్కితే ఎప్పుడు దిగుతారో ఇంట్లో తెలిసేది కాదు. ఆ సమ్మెలో ప్రతి డిపోలో వాళ్లే కూర్చుని వాళ్లే తేల్చుకునేవాళ్లు.

మరుసటి ఏడాది మే 8న దేశమంతా రైల్వే సమ్మె. 17 లక్షల మంది కార్మికుల డిమాండ్లు. సమ్మె నాయకుడు జార్జ్ ఫెర్నాండెజ్‌ని మే 2నే అరెస్టు చేశారు. అయినా సమ్మె నడిచింది. క్వార్టర్లు ఖాళీ చేయించారు, ఆడవాళ్లను, పిల్లలను బయటికి నెట్టారు. 27న విరమించారు. నాన్నకి ఓడిపోయామన్న బాధ కంటే పెద్ద బాధ ఇంకోటుంది. సమ్మె మొదలుపెట్టేటప్పుడు ఓటు వేయమని అడిగారు. ఆపేటప్పుడు డిపోలో ఒక్క మనిషిని అడగలేదు. పైన యాక్షన్ కమిటీ నిర్ణయం, కింద అమలు. అప్పటికి ఇంకా డ్యూటీకి వెళ్లని వాళ్లున్నారు.

రైడర్ తమ్ముడు అడిగేది ఇదే అనుకుంటున్నా.

బ్రాడీపేట మాస్టారు:
లోకో షెడ్ గారు అసలు విషయం పట్టుకున్నారు. ఎర్రబాట గారు సెగీ పేరెత్తారు కాబట్టి ఆయన చేసిన పని ఒకటి చెప్పాలి.

లా కనడియెన్స్ ఒప్పందం కుదిరాక దాన్ని ఎవరు ఆమోదించాలి? కమిటీ సంతకం పెట్టి ఇంటికి పోలేదు. లాస్ అరేనాస్ అనే ఎద్దుల పోట్ల మైదానంలో సభ పెట్టారు. 20 వేల మందికి పైగా జనం. జైల్లో ఉన్నవాళ్లందరినీ వదిలితేనే పనిలోకి వెళ్తాం అని కేకలు. సెగీ పెయింటర్, ఇళ్లకి రంగులు వేసి బతికే మనిషి. లేచి మాట్లాడాడు. ఖైదీల కోసం ఇప్పుడే సైన్యం మీదికి పోదామా, లేక గెలిచింది నిలబెట్టుకుని మాట నిలబెట్టుకోమని ప్రభుత్వానికి గడువిద్దామా అని అడిగాడు. కోపంగా ఉన్న జనం చివరికి పనిలోకి వెళ్దామన్నారు. ఆ తర్వాత సైనికాధికారి మిలాన్స్ దెల్ బోష్ ఖైదీలను వదలనన్నాడు, మార్చి 24న మళ్లీ సార్వత్రిక సమ్మె జరిగింది, అది చాలా నష్టపెట్టింది. కాబట్టి జనం నిర్ణయం తీసుకుంటే అంతా మంచే జరుగుతుందని నేను చెప్పడం లేదు. కానీ మా వెనక మమ్మల్ని అమ్మేశారు అని ఆ మైదానంలో ఎవరూ అనుకోలేదు. వాళ్ల మొహాల ముందే వాదన జరిగింది, వాళ్లే చేతులెత్తారు.

నాయకుడికి నోరుండాలి, ఒప్పించే శక్తి ఉండాలి. సంతకం అధికారం మాత్రం సభది.

ఆటోనగర్ మూడో రోడ్డు:
స్వీడన్ గురించి ఎవరైనా రాయండి. అక్కడ కూలి రేటు యూనియనే నిర్ణయించి, యజమాని సంతకం కూడా అడిగేది కాదని ఎక్కడో చదివాను. మా మెకానిక్ షెడ్లలో ఒకడు 800కి చేసేది పక్కవాడు 500కి చేస్తాడు, ఇద్దరూ మునుగుతారు.

లైబ్రరీ బెంచీ:
దాన్ని రిజిస్టర్ పద్ధతి అంటారు. ఎస్ఏసీలో భవన నిర్మాణం, అడవుల్లో దుంగలు కొట్టడం, నదిలో తేలించడం లాంటి పనులవాళ్లు ఎక్కువ. ఒక సీజన్‌కి పని దొరికితే మరో సీజన్ ఖాళీ. వాళ్లు స్థానిక యూనియన్ సభలో ప్రతి పనికీ ధర రాసుకునేవాళ్లు. ఖాళీగా ఉన్న సభ్యుల పేర్లు రిజిస్టర్లో వరుసగా ఉండేవి. పని వస్తే ఆ వరుసలోనే పంపేవాళ్లు. రాసుకున్న ధరకి తగ్గి ఎవరూ వెళ్లకూడదు. యజమానితో ఏళ్ల తరబడి కట్టుబడే ఒప్పందం లేదు కాబట్టి, గిరాకీ పెరిగితే ధర మార్చుకునే వీలు వాళ్లకే ఉండేది. తెల్లారకముందే అడ్డా మీద నిలబడే మన తాపీ మేస్త్రీలకీ, కూలీలకీ ఇది చాలా దగ్గరగా ఉంటుంది. అడ్డాలో అందరూ ఒక రేటు మీద నిలబడ్డ రోజు కాంట్రాక్టర్ ఏం చేస్తాడో ఊహించుకోండి.

ఇంకో మాట. ఈ ఉద్యమానికి మన పక్క నుంచీ ఒక మనిషి ఉన్నాడు. ఎం.పి.టి. ఆచార్య, 1887లో మద్రాసులో పుట్టాడు. 1920లో తాష్కెంట్‌లో భారత కమ్యూనిస్టు పార్టీ ఏర్పాటు చేసినవాళ్లలో ఒకడు. తర్వాత వాళ్లతో పడక బెర్లిన్ చేరి, 1922 చివర్లో అక్కడ ఏర్పడిన అనార్కో సిండికలిస్టు అంతర్జాతీయ సంఘంతో కలిసి పనిచేశాడు. వాళ్ల పత్రికలు, కరపత్రాలు ఇండియాకి పంపేవాడు. 1954లో బొంబాయిలో పేదరికంలో పోయాడు. ఇంత పనిచేసిన మనిషి పేరు మన పాఠాల్లో ఎక్కడా వినపడకపోవడం నాకు బాధ.

నల్లపాడు:
ఆ రిజిస్టర్ పద్ధతి మేస్త్రీ లేకుండా నడుస్తుందన్నమాట! మేస్త్రీ చేసే పని సంఘమే చేస్తుంది, కమీషన్ మిగులుతుంది.

లైబ్రరీ బెంచీ:
అవునమ్మా, సరిగ్గా అదే.

లా పాయింట్:
నేను లేబర్ కేసులు చూసే అడ్వకేట్‌ని. ఇక్కడి చట్టంలో ఇలాంటి యూనియన్ పెట్టుకోవచ్చా అంటే, పెట్టుకోవచ్చు. ఏడుగురు సభ్యులు దరఖాస్తు చేయాలి. ఆ సంస్థలో లేదా పరిశ్రమలో పనిచేసేవాళ్లలో పది శాతం, లేదా వంద మంది, ఏది తక్కువైతే అంతమంది సభ్యులుండాలి. అది ఏడుకి తగ్గకూడదు. బయటి వ్యక్తులు ఆఫీస్ బేరర్లు కావడానికి చట్టంలోనే పరిమితి ఉంది. పూర్తిగా పనిచేసేవాళ్లే ఉండాలని మీ బైలాలో రాసుకుంటే ఎవరూ అడ్డు చెప్పరు. రాజకీయ పనులకి ఖర్చు పెట్టాలంటే వేరే ఫండ్ ఉండాలి, దానికి చందా ఇవ్వమని సభ్యుణ్ణి బలవంతం చేయకూడదు. ఇది 1926 చట్టం నుంచీ ఉన్న నియమం. చాలా మంది సభ్యులకి ఈ సంగతి తెలియదు.

ఇబ్బందులు వేరే ఉన్నాయి. 2025 నవంబరు 21 నుంచి లేబర్ కోడ్‌లు, అంటే పాత కార్మిక చట్టాల స్థానంలో తెచ్చిన కొత్త చట్టాలు, అమల్లోకి వచ్చాయి. సమ్మెకి 14 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సగం మంది ఒకేసారి క్యాజువల్ లీవు పెట్టినా సమ్మె కిందే లెక్క. ఎక్కువ యూనియన్లు ఉన్నచోట 51 శాతం మద్దతు ఉన్నదానికే చర్చలు జరిపే హక్కు. ఎవరికీ అంత లేకపోతే 20 శాతానికి తగ్గనివాళ్లతో కౌన్సిల్. అంటే చిన్న యూనియన్‌కి తలుపు ఇరుకైంది. రైడర్ల విషయంలో ఇంకా చిక్కు. గిగ్ వర్కర్, అంటే మీలా మామూలు ఉద్యోగ సంబంధం లేకుండా పనిచేసేవాళ్లు, అనే నిర్వచనం సోషల్ సెక్యూరిటీ కోడ్‌లో పెట్టారు, సంక్షేమ నిధికి కంపెనీలు టర్నోవర్లో ఒకటి నుంచి రెండు శాతం కట్టాలన్నారు. కూర్చుని బేరమాడే హక్కు మాత్రం అందులో లేదు.

జర్మనీలో ఇలాంటి పేచీయే వచ్చింది. బెర్లిన్‌లో బాబిలోన్ అనే సినిమాహాలు. అందులో కొద్దిమంది సిబ్బంది 2009లో ఎఫ్ఏయూ అనే అనార్కో సిండికలిస్టు యూనియన్‌లో చేరి ఒప్పందం అడిగారు. కోర్టు ఏకంగా మీరు యూనియన్ అని చెప్పుకోకూడదని ఉత్తర్వు ఇచ్చింది. 2010 జూన్‌లో అప్పీలులో దాన్ని కొట్టేయించుకున్నారు. తర్వాత అదే యూనియన్ బెర్లిన్‌లో ఫుడ్ డెలివరీ సైకిల్ రైడర్లను కూడగట్టింది. నీకు పనికొచ్చే అనుభవం అది తమ్ముడూ.

భవానీపురం రైడర్:
థాంక్స్ అన్నా. ఇప్పుడు కూడా ఇలాంటివి ఉన్నాయంటే ధైర్యంగా ఉంది. ఇంకెక్కడ ఉన్నాయి?

లైబ్రరీ బెంచీ:
పోలండ్‌లో ‘కార్మికుల చొరవ’ అని అర్థం వచ్చే పేరుతో ఒకటుంది. పోజ్నాన్ దగ్గర అమెజాన్ గోడౌన్లో 2014 నుంచి పనిచేస్తోంది, తాత్కాలిక కార్మికులని కూడా చేర్చుకుంటుంది. స్పెయిన్, ఇటలీ, జర్మనీ, పోలండ్, గ్రీస్, అర్జెంటీనా, ఉత్తర అమెరికా యూనియన్లు కలిసి 2018లో ఇటలీలోని పార్మాలో కొత్త అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. 1922 నాటి పాత సమాఖ్య విడిగా ఉంది. సభ్యుల సంఖ్యలో ఇవన్నీ చిన్నవే. స్పెయిన్‌లో సీఎన్‌టీ నుంచి చీలి వచ్చిన సీజీటీ (మాస్టారు చెప్పిన ఫ్రాన్స్ సీజీటీ వేరు) మాత్రం చాలా పెద్దది. వర్క్స్ కౌన్సిల్, అంటే పనిచోట కార్మికులు ఎన్నుకునే ప్రతినిధుల కమిటీ, ఎన్నికల్లో నిలబడాలా వద్దా అన్న వాదం మీదే ఆ చీలిక వచ్చింది.

ఎర్రబాట:
పైన అందరూ రాసింది చదివాను. పార్టీ అక్కర్లేదన్న దాంతో నేను ఏకీభవించను. చట్టం మారాలంటే శాసనసభలో అడిగే గొంతు ఉండాలి. లా పాయింట్ గారు చెప్పిన కోడ్‌లను అడ్డా మీద నిలబడి రద్దు చేయించలేం.

కానీ లోకో షెడ్ తమ్ముడు రాసింది చదివి రాత్రి చాలాసేపు ఆలోచించాను. మా సంఘాల్లో సమ్మె విరమణ మీద జనరల్ బాడీ ఓటు తప్పనిసరి అని బైలాలో రాసుకున్నవి చాలా తక్కువ. నాయకత్వం మీద నమ్మకంతో నడిచిపోతుంది. నమ్మకం ఉన్నన్నాళ్లు బాగానే ఉంటుంది. అమెరికాలో ఫిలడెల్ఫియా రేవులో ఐడబ్ల్యూడబ్ల్యూ స్థానిక శాఖ ‘లోకల్ 8’ గురించి నేనూ చదివాను. 1913 నుంచి దాదాపు పదేళ్లు నల్లవాళ్లు, తెల్లవాళ్లు ఒకే యూనియన్లో ఉన్నారు. అప్పటి అమెరికాలో అది మామూలు విషయం కాదు. నెల చందా కట్టినవాడికి ఒక బటన్ ఇచ్చేవాళ్లు, అది చొక్కాకి లేనివాడి పక్కన ఎవరూ బరువు ఎత్తేవాళ్లు కాదు. సంతకాల ఒప్పందం లేకపోయినా రేవు మీద పట్టు వాళ్లదే. నాయకుడు బెన్ ఫ్లెచర్ నల్లజాతి రేవు కూలీ, 1918లో పదేళ్ల శిక్ష వేశారు. వీళ్లని చూస్తే లారెన్స్ గురించి నేను చెప్పింది ప్రతిచోటా వర్తించదని ఒప్పుకోవాలి. రోజూ పనిచోట కనపడే సంఘం వాళ్లది.

కాబట్టి తమ్ముడూ, నా సలహా. మీ యూనియన్ మీరే పెట్టుకోండి, బైలా మీరే రాసుకోండి. అవసరమైన చోట మా జిల్లా కమిటీ మద్దతు అడగండి. మద్దతు ఇచ్చినందుకు మీ తరఫున సంతకం పెట్టే హక్కు మేం అడగం. మా కమిటీలో ఈ మాట మాట్లాడే బాధ్యత నాది.

భవానీపురం రైడర్:
బాబాయ్ గారూ, చాలా సంతోషం. ఆదివారం మీటింగులో మొదట పెట్టేది ఇదే: కంపెనీతో మాట్లాడటానికి వెళ్లే ముగ్గురినీ ఆ పనికి మాత్రమే పంపుతాం, తిరిగొచ్చి గ్రూపు ముందు చెప్పేదాకా దేనికీ ఒప్పుకోకూడదు. వద్దనుకుంటే ఎప్పుడైనా మార్చుకోవచ్చు. జోన్‌కి ఒకరు చొప్పున పక్క జోన్ల వాళ్లనీ పిలుస్తున్నాం, రెస్టారెంట్లలో ప్యాకింగ్ చేసేవాళ్లని కూడా. గుంటూరు నుంచి కొందరు రైడర్లు వస్తామన్నారు. నల్లపాడు అక్కా, మీరూ అమ్మగారూ రాగలిగితే వాళ్లతో పాటే రండి, రిజిస్టర్ పద్ధతి గురించి మీరే చెబితే బాగుంటుంది.

నల్లపాడు:
అమ్మ ఆదివారం కూడా పనికే వెళ్తుంది, సీజన్ కదా. నేను వస్తాను. గోడౌన్లో ఇంకో ముగ్గురితో మాట్లాడాను. వాళ్ల భయమల్లా మేస్త్రీకి తెలిస్తే మర్నాటి నుంచి పిలవడని. పేర్లు బయటికి రాకుండా చందా ఎలా కట్టించుకోవాలో లా పాయింట్ గారు చెప్పగలరా?

లా పాయింట్:
రిజిస్ట్రేషన్‌కి సంతకం పెట్టే ఏడుగురి పేర్లు ఎలాగూ బయటపడతాయి. మిగతావాళ్ల పేర్లు సభ్యత్వ రిజిస్టర్లో ఉంటాయి, అది మీ దగ్గరే ఉంటుంది. ఆ ఏడుగురిలో మేస్త్రీ కింద పనిచేయని వాళ్లు, వేరే గోడౌన్ల వాళ్లు ఉండేలా చూసుకోండి. మిగతాది మెసేజ్ పెట్టండి, వివరంగా రాస్తాను.

ఎర్రబాట:
సమ్మె విరమణ క్లాజు డ్రాఫ్టు నేను శనివారంలోపు పంపిస్తాను. ఓటు చేతులెత్తి వేస్తారా, చీటీ మీదా అన్నది మీ కుర్రాళ్లనడిగి చెప్పు తమ్ముడూ, దాన్నిబట్టి రాస్తా. చీటీ అయితే లెక్కపెట్టేవాళ్లు కమిటీలో లేనివాళ్లై ఉండాలి.